రెండోసారి పోయని నూనె

పాత జీపు గేర్లలోంచి ఊడిపడిన ఒక ఉక్కు పన్నును మీ అరచేతిలో పెట్టి, ఈ తప్పు ఎవరిదో చెప్పమంటే, తీర్పు చెప్పే ముందు మీరు ఎంతసేపు ఆగుతారు? నేను ఒక్క సాయంత్రం కూడా ఆగలేదు. పొద్దు వాలేలోగా తీర్పు చెప్పాను. దాన్ని మూడు అంశాలుగా విడగొట్టి, ఒక్కో అంశానికి ఒక్కో ఆధారం చూపి, మంచి గొంతుతో చెప్పాను. కాలేజీలో నాకు చర్చాపోటీల శిక్షణ ఇచ్చినవారు వింటే మెచ్చుకునేవారు. అది తప్పుడు తీర్పు. అయినా చాలా బాగా కుదిరింది కాబట్టే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

మా తాతయ్య జీపు నా కంటే చాలా పెద్దది. తుంగభద్ర కాలువ వెంట కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మా వాళ్ళ ఊళ్ళను ఈ కన్నడసీమలో క్యాంపులంటారు. మా క్యాంపులో పొలాల గట్ల మీదికి, బురదలోకి, కాలువ కట్ట మీదికి వెళ్ళగలిగిన తొలి బండి అదేనని తాతయ్య చెప్పేవాడు. డ్రైవరు సీటు పక్కన నేలలోంచి నాలుగు కర్రలు మొలిచి ఉండేవి. ఒకటి మామూలు గేర్లకు. రెండేమో నాలుగు చక్రాల పట్టుకు. చివరిది, అన్నిటిలోకీ పొట్టిది, ఓవర్‌డ్రైవ్‌కు. నాలుగు చక్రాలకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక బిగించిన చిన్న గేర్ల డబ్బా అది. దాన్ని కలిపితే ఇంజను నెమ్మదిగా తిరుగుతూనే చక్రాలను వేగంగా తిప్పుతుంది. బురద కోసం పుట్టిన బండి, ఆ డబ్బా పుణ్యమా అని, తారురోడ్డు మీద గొంతు తగ్గించి మాట్లాడుతుంది.

మా నాయనమ్మ ఉన్న రోజుల్లో దాన్ని నిద్రగేరు అనేది. రాయచూరు ప్రయాణమంటే నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ మాటే. మాన్వి దాటి రోడ్డు తిన్నగా సాగగానే తాతయ్య ఎడమచేత్తో ఆ పొట్టి కర్రను ముందుకు నెట్టేవాడు. అప్పటిదాకా అరుస్తున్న ఇంజను ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ఒక మెట్టు కిందికి దిగి, ముద్దగా మూలగడం మొదలుపెట్టేది. ఆ మూలుగు సీటు ఇనుములోంచి నా వెన్నులోకి వచ్చేది. మడుల్లో నిలిచిన నీళ్ళలో తలకిందులైన ఆకాశం మాతోపాటు పరిగెత్తేది. కాలువ నీళ్ళు అందని చోట పచ్చదనం ఎవరో గీత గీసినట్టు ఆగిపోయేది. ఆ గీత దాటాక పత్తి, కంది, ఎండకు కాలిన బండలు. ఆ గీతను నేను మెలకువగా దాటిన ప్రయాణం ఒక్కటీ లేదు. పచ్చటి నేలలో కళ్ళు మూసుకుని రాతి నేలలో తెరిచేదాన్ని. మధ్యలో ఏముందో చాలా కాలం నాకు తెలియదు. అక్కడ నిద్రగేరు మాత్రమే ఉందని నమ్మేదాన్ని.

అటువంటి డబ్బా ఒక్కరోజులో పాడవదు. ముందు సన్నని ఈల మొదలైంది. ఒక ప్రత్యేకమైన వేగం దగ్గర మొదలై, ఆ వేగం దాటగానే మాయమయ్యేది. జీపులో దోమ దూరిందని నాయనమ్మ చాలా రోజులు వాదించింది. తర్వాత కర్ర తనంతట తానే వెనక్కి తన్నడం మొదలుపెట్టింది. నిద్ర మధ్యలో ఇంజను ఒక్కసారిగా అరిచేది, నేను ఉలిక్కిపడి లేచేదాన్ని. తాతయ్య దానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. పాత సైకిలు ట్యూబును పట్టీలా కోసి, కర్రను ముందుకు లాగి డాష్‌బోర్డు కింది ఇనుపకమ్మీకి కట్టేశాడు. ఆ కట్టుతోనే జీపు ఏళ్ళ తరబడి తిరిగింది. మా క్యాంపులో అందరికీ అదే సరైన పద్ధతిగా తోచింది.

ఈల కాస్తా గుర్రుగా మారాక, తాతయ్య, నేను జీపును రాయచూరు తీసుకెళ్ళాం. చిక్కసూగూరు వెళ్ళే దారిలో, ఊరి చివర, ఒక రేకుల షెడ్డు. అందులో ఉండే పెద్దమనిషిని అందరూ మిస్త్రీ అనే పిలుస్తారు. ఈ చుట్టుపక్కల ఓవర్‌డ్రైవ్ డబ్బాలు విప్పేవాడు నాకు తెలిసి ఆయన ఒక్కడే. ఆయన తొంగి చూసి సైకిలు ట్యూబును వేలితో మీటాడు.

“ఏంది సాబ్, కట్టేసిండ్రు దీన్ని? మేకనా?”

“పారిపోతోందయ్యా మరి!” అన్నాడు తాతయ్య.

“పారిపోయేదాన్ని కడితె ఆగుతదా? సగం కలిసి సగం కలువక, లోపల పండ్లన్ని గుండ్రంగ అరిగినయి. మీరు కట్టింది కర్రను గాదు, రోగాన్ని.”

డబ్బా కింది బిరడా విప్పి, కారిన నూనెను పాత వార్తాపత్రిక మీద పరిచాడు. నల్లటి నూనె మెల్లగా విచ్చుకుంది. దానిలో సన్నటి పసిడి రంగు పొడి, ఎండ తగిలిన చోట మిలమిల మెరిసింది. చెరువు అడుగున ఎవరో పండుగ చేసుకుంటున్నట్టుంది. నేను చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

“బంగారం గాదు బిడ్డా,” అన్నాడు మిస్త్రీ నా పక్కన గొంతుకూర్చుని. “లోపల ఇత్తడి వాషర్లుంటయి. గిట్ల పసుపుగ మెరిస్తె అవి అరుగుతున్నయన్నట్టు. వెండి లెక్క మెరిస్తె గేరు పండ్లు అరుగుతున్నయన్నట్టు. ఏం మెరవకుంటె?”

“ఏమీ మెరవకపోతే మంచిదేగా?”

“ఏం మెరవకుంటె లోపల నూనెనే లేదన్నట్టు. గది అన్నిటికంటె ఖరాబ్.”

కొత్త భాగాలు ఎక్కడా దొరకవనీ, ఇంకో పాత డబ్బాలోంచి తీసి దాచిన గేరు వేస్తాననీ ఆయన ముందే చెప్పాడు. అరమీది ఇనుపతట్టలో గుడ్డ కప్పి ఉంచిన గేర్లలోంచి ఒకటి తీసి నా చేతికిచ్చాడు. “పాతదే. ముందుగాలే జెప్తున్న. పండ్లు నువ్వే చేత్తో తడిమి చూడు.” నేను తడిమాను. ప్రతి పన్నూ పదునుగా, చల్లగా ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి అని పాఠకులను అడగను. గుర్తుపెట్టుకోవలసినది నేను. ఆ గేరు పాతదని తెలిసి, చేతులారా తాకి చూసి, ఒప్పుకున్నవాళ్ళలో నేను ఒకదాన్ని.

జీపు తయారయ్యే రోజుకు తాతయ్య మోకాలు వాచింది. నాకు కాలేజీలో చర్చాపోటీ. కోతలకని గోదావరి వైపు నుంచి తాతయ్య తమ్ముడు, మా చిన్నతాతయ్య, వచ్చి ఉన్నాడు. ట్రాక్టరును కళ్ళు మూసుకుని నడిపే మనిషి. కన్నడం ఒక్క ముక్క రాదు. మిస్త్రీ మాట్లాడే రాయచూరు తెలుగు కూడా ఆయనకు సగమే తెలుగు. బండి తెచ్చే పని ఆయన మీద పడింది.

ఆ సాయంత్రం నేను పోటీలో గెలిచిన కప్పు పట్టుకుని ఇంటికి వచ్చేసరికి, కాలువ కట్ట మీద జీపు వస్తూ కనిపించింది. వెనక సూర్యుడు, ముందు ధూళి. శబ్దం మాత్రం జీపుది కాదు. కళ్ళు చిట్లించి చూస్తే, ముందు ట్రాక్టరు, మధ్యలో గొలుసు, వెనక మా జీపు. చిన్నతాతయ్య స్టీరింగు పట్టుకుని, పెళ్ళికొడుకు కాని పెళ్ళికొడుకులా బిగుసుకుని కూర్చున్నాడు.

తాతయ్య కుంటుకుంటూ ట్రాక్టరువాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. చిన్నతాతయ్య నా దగ్గరికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

“మోసం చేశాడే అమ్మడూ! మాన్వి దాకా రాజులా వచ్చాను. అక్కడినుంచి ఏడుపు మొదలెట్టింది, తర్వాత పళ్ళు నూరింది, తర్వాత మూగబోయింది. కదిలితే ఒట్టు!”

“మిస్త్రీ ఏం చెప్పి ఇచ్చాడు, చిన్నతాతయ్యా?”

“ఏం చెప్తాడు? ఏవడిగినా సాకు సాకు అంటాడు! నూనె పోస్తూ సాకు, బిరడా బిగిస్తూ సాకు. సిగ్గు లేకుండా మొహం మీదే అంటున్నాడు, సాకని! పైగా దేవసూగూరు దాకా తిప్పి మళ్ళీ తేవాలంట, మళ్ళీ చూస్తాడంట. ఎందుకూ, అక్కడి గుళ్ళో నాకేమన్నా మొక్కుందా? కోతమిషను వచ్చే వేళయిందని నేను బండి తీసుకుని వచ్చేశా.”

ట్రాక్టరువాళ్ళు జీపు కింద దూరి డబ్బా బిరడా విప్పారు. కారడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు మూడు చుక్కల తర్వాత, టక్కుమని పళ్ళెంలో ఒక ఉక్కు పన్ను పడింది. దాన్ని తుడిచి అరచేతిలో పెట్టుకున్నాను. చిన్నపిల్లల పాలపన్నంత ఉంది. ఇంకా వెచ్చగా ఉంది.

రాయచూరు జిల్లాలో పాత జీపులున్నవాళ్ళంతా కలిసి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. దానిలో తాతయ్య తరఫున నేను ఉన్నాను. పెరటి జామచెట్టు కింద నిలబడి, ఒక గొంతు సందేశం రికార్డు చేశాను. మొదటి అంశం: పాత గేరు వేశాడు. రెండో అంశం: నూనె సరిగా నింపలేదు, ఇదిగో సాక్ష్యంగా ఊడిన పన్ను. మూడో అంశం: అడిగితే, అన్నీ సాకులేనని తన నోటితోనే ఒప్పుకున్నాడు. ముగింపు: మీ బండ్లు కాపాడుకోండి. ఒక్క తడబాటు లేదు. విరామం ఎక్కడ ఇవ్వాలో అక్కడ ఇచ్చాను. పంపిన కొద్దిసేపటికే మెప్పులు రాసాగాయి. ఎవరో “ఇది అందరికీ చేరాలి” అని రాశారు. నేను నిండుగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్నే పన్నును రుమాలులో మూటగట్టి, బస్సెక్కి షెడ్డుకు వెళ్ళాను. షెడ్డు ముందు చంద్రబండ నుంచి జీపు తెచ్చిన ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. మిస్త్రీ చేతులు తుడుచుకుంటూ లేచాడు. నేను పన్నును బల్ల మీద పెట్టి మొదలుపెట్టాను. పట్టుమని నాలుగు వాక్యాలు కాలేదు, ఆ ఇద్దరిలో ఒకడు రెండోవాడి మోచేయి తట్టాడు.

“నిన్న విన్నం గదరా, గా గొంతే.”

“గదే, గదే.”

ఇద్దరూ లేచారు. “మల్లొస్తం మిస్త్రీ. మాకేం తొందర్లేదు,” అని జీపును వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ వెనక లేచిన ధూళి షెడ్డులోకి వచ్చి మెల్లగా పనిముట్ల మీద వాలింది. నిజం చెప్పాలి. ఆ క్షణం నాకు గెలిచినట్టే అనిపించింది.

మిస్త్రీ పన్నును వెలుతురుకు పట్టి చూశాడు. “ఎవరు నడిపిండ్రు?”

“మా చిన్నతాతయ్య. మీరు ప్రతిదానికీ సాకు అన్నారట. అనలేదంటారా?”

“అన్న.”

“ఒప్పుకుంటున్నారా?”

“అన్న బిడ్డా. ఎందుకనను?”

ఎదుటివాడు ఒప్పుకున్నాక ఆపకూడదని మాకు నేర్పారు. నేను ఆపలేదు. నమ్మకం గురించి మాట్లాడాను. తాతయ్య మోకాలి గురించి, కోతల గురించి, నిజాయితీ గురించి మాట్లాడాను. నా గొంతు రేకులకు తగిలి నాకే తిరిగి వినిపిస్తోంది. మిస్త్రీ కుడి అరచేయి ఎత్తాడు. ముఖానికి ఎదురుగా కాదు. కొంచెం కిందుగా, ఏదో పళ్ళెం మీద కప్పుతున్నట్టు.

“సాకమ్మా,” అన్నాడు. “సాకు.”

ఆ చేయి నాకు తెలుసు. నేను బడిలో చదువుకున్నది కన్నడంలో. స్నేహితురాలి ఇంట్లో వాళ్ళమ్మ జొన్నరొట్టె మీద ఇంకో రొట్టె వేయబోతుంటే, పళ్ళెం మీద నేను అడ్డుపెట్టిన చేయి అది. అప్పుడు నేను అన్న మాటా అదే. సాకు. చాలు. ఇంక వద్దు. నిండింది. చిన్నప్పటి నుంచి కన్నడంలో నేను రోజుకు పదిసార్లు అనే మాట, చిన్నతాతయ్య గోదావరి నోట తెలుగులో వచ్చేసరికి, నేను గుర్తుపట్టలేదు. రెండు భాషల తలుపులూ తెరిచే ఉన్న ఇంట్లో, నా కోపానికి ఏ తలుపు దగ్గరో ఆ తలుపులోంచే మాటను లోపలికి రానిచ్చాను.

షెడ్డు ఒక్కసారిగా చాలా దూరం జరిగినట్టు, నేను నీళ్ళ అడుగు నుంచి చూస్తున్నట్టు అనిపించింది.

“మీరన్నది... కన్నడమా?”

“మరేంది? నూనె పొంగి బయటికొస్తె మీ ఇంట్ల ఏమంటరు?”

“చాలు అంటాం.”

“గదే నేనన్న.” ఆయనకు విషయం అర్థమైంది. గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే, చంద్రబండ జీపు వెళ్ళిన వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

తర్వాత ఆయన వివరించిన సంగతి చాలా చిన్నది. విప్పి బిగించిన ఓవర్‌డ్రైవ్ పొడిగా ఉంటుంది. దానికీ, ట్రాన్స్‌ఫర్ కేసుకూ మధ్య ఒక సన్నని రంధ్రం. నూనె ఆ రంధ్రంలోంచే ఇటూ అటూ పారి, రెండు గదులనూ తడపాలి. మొదటిసారి పోసినప్పుడు పైబిరడా దాకా నిండినట్టే కనిపిస్తుంది. అది నిండడం కాదు, వాకిట్లో ఆగడం. కొంత దూరం నడిపితే నూనె లోపలి గదుల్లోకి దిగుతుంది, పైన ఖాళీ అవుతుంది. అప్పుడు ఆపి, చల్లారనిచ్చి, రెండోసారి పోయాలి. దేవసూగూరు దాకా వెళ్ళి రమ్మన్నది అందుకు. రెండోసారి పోయకుండా నిద్రగేరులో దూరప్రయాణం చేస్తే లోపలి సన్నని సూది బేరింగులు ఎండిపోయి, కాలి, పళ్ళను మింగేస్తాయి.

“ఫోన్ జేయాల్సింది నేను,” అన్నాడు చివరకు. “ముసలాయన మాట వినకుంట పోయిండని మీ తాతకు ఫోన్ జేయాల్సింది. జేయలె. గది నాది.”

గ్రూపులో పెట్టిన సందేశం సంగతి చెప్పి, క్షమించమని అక్కడే అడిగాను. కానీ ఒక షరతు కూడా పెట్టాను: డబ్బా నా ఎదుటే విప్పాలని. పశ్చాత్తాపం కూడా ఒక తొందరే. నిన్న కోపంతో తీర్పు చెప్పినదాన్ని, ఇవాళ సిగ్గుతో ఇంకో తీర్పు చెబితే నేను నేర్చుకున్నదేమిటి? నా షరతు విని ఆయన తల ఊపాడు. “గట్లడుగు. గట్లనే అడగాలె,” అన్నాడు.

రెండు రోజుల తర్వాత జీపును మళ్ళీ ట్రాక్టరుతో లాగించుకుని షెడ్డుకు వెళ్ళాం, తాతయ్య కూడా వచ్చాడు. మిస్త్రీ డబ్బాను తెల్లగుడ్డ మీద విప్పాడు. సూది బేరింగులు వేడికి నీలంగా మారి ఉన్నాయి. చూడడానికి అందంగా ఉన్నాయి, తెల్లవారుజామున కాలువ రంగు. సన్నని రంధ్రంలోంచి ఒక తీగ దూర్చి అవతలి నుంచి లాగాడు. ఎక్కడా అడ్డులేదు. ఆయన వేసిన పాత గేరులో ఊడిన పన్ను ఒక్కటే. మిగతావన్నీ నేను తడిమినప్పటిలాగే పదునుగా ఉన్నాయి. విరిగినచోట లోహం కొత్తగా, బూడిదరంగులో ఉంది. పాత పగులైతే నల్లగా ఉంటుందని చూపించాడు. తాతయ్య జేబులోంచి సైకిలు ట్యూబు పట్టీ తీసి చెత్తడబ్బాలో వేశాడు.

అరమీది తట్టలోంచి ఇంకో గేరు వచ్చింది. బిగింపు పూర్తయ్యాక, మొదటిసారి నూనె పోశాక, మేం ముగ్గురం దేవసూగూరు వైపు బయల్దేరాం. అది మధ్యాహ్నం. ఎండలో రోడ్డు నీటిలా కదులుతోంది. దూరాన థర్మల్ విద్యుత్ కేంద్రం చిమ్నీల పొగ కదలకుండా ఆకాశానికి అంటుకుని ఉంది. చిక్కసూగూరు దాటాక మిస్త్రీ నావైపు చూసి, పొట్టి కర్రను నన్నే నెట్టమన్నాడు. ఇన్నేళ్ళలో దాన్ని నేను ముట్టుకోవడం అదే మొదలు. అది వెన్నలోకి చెంచాలా దిగింది. ఇంజను ఒక మెట్టు దిగి, మూలగడం మొదలుపెట్టింది. ఆ మూలుగులో నాయనమ్మ దోమ లేదు. దేవసూగూరు దగ్గర కృష్ణ ఒడ్డుకు చేరేసరికి నది చాలావరకు రాళ్ళే. రాళ్ళ మధ్య నీళ్ళు ఎవరికీ చెప్పకుండా జారుకుంటున్నాయి. ఇంజను ఆపాం. వేడి లోహం చల్లారుతూ టిక్కు టిక్కుమంటుంటే ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. తాతయ్య కునుకు తీశాడు. నాకు మొదటిసారి నిద్ర రాలేదు.

తిరిగి షెడ్డుకు చేరాక, బండి చల్లారాక, మిస్త్రీ పైబిరడా విప్పి నన్ను వేలు పెట్టమన్నాడు. నింపిన చోట నూనె లేదు. వేలు మొదటి కణుపు దాటి దిగితేగాని తడి తగల్లేదు. దాదాపు ఒక చెంబు నూనె పట్టింది. పోసినదంతా ఏ చీకటి గదుల్లోకి వెళ్ళిందోనని నేను వంగి చూస్తూ ఉండగా, అది నెమ్మదిగా పైకి వచ్చి, అంచు మీద ఒక్క క్షణం వణికి, బయటికి కారింది. ఆ మాట మా ముగ్గురిలో ఎవరూ అనలేదు.

చిన్నతాతయ్యకు సంగతి చెబితే, “మరి తెలుగులో ఏడవచ్చుగా ఆ మహానుభావుడు!” అని కసిరాడు. ఊరెళ్ళే రోజు మాత్రం బస్సు వేళకు ముందే బయల్దేరి, ఆ షెడ్డుకు వెళ్ళాడు. మిస్త్రీ టీ తెప్పించాడు. రెండోసారి పోయబోతే, చిన్నతాతయ్య గ్లాసు మీద అరచేయి కప్పి, బాగా సాధన చేసి వచ్చినట్టు, “సాకు” అన్నాడు. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారని విన్నాను.

ఇక్కడ ఆపగలిగితే ఇది తేలికైన జ్ఞాపకమై ఉండేది.

డబ్బా విప్పి చూసిన రోజే గ్రూపులో నా తప్పును ఒప్పుకుంటూ ఇంకో గొంతు సందేశం పంపాను. దానిలో మూడు అంశాల అల్లిక లేదు, విరామాల అందం లేదు. ఒక పదానికి రెండు భాషల్లో రెండు అర్థాలనీ, నూనె రెండుసార్లు పోయాలనీ చెప్పడం చప్పగా ఉంటుంది. ఇద్దరు బొటనవేలు గుర్తు పెట్టారు. దాన్ని ఎవరూ ఎవరికీ పంపలేదు. మొదటి సందేశం మాత్రం నడుస్తూనే ఉంది. పోయిన నెల నా కాలేజీ స్నేహితురాలు ఒకామె, అది నా గొంతని గుర్తుపట్టకుండానే, “మీకు జీపు ఉంది కదా, జాగ్రత్త” అంటూ నాకే పంపింది. విన్నాను. ఎంత నమ్మకంగా ఉందో! నేను కాకపోతే నేనూ నమ్మేదాన్ని.

మొన్న షెడ్డుకు వెళ్తే మిస్త్రీ ఎవరిదో ఇంటిగేటుకు వెల్డింగు చేస్తున్నాడు. చంద్రబండ జీపు మళ్ళీ రాలేదు.

“ఓవర్‌డ్రైవులు రావట్లేదా?” అని అడిగాను.

“ఒక్కటి గూడ రాలె. దసరా దాక చూస్త. రాకుంటె గా తట్ట పాత ఇనుమోనికి ఏసేస్త. స్థలం దండుగ.”

నేను అర వైపు చూశాను. గుడ్డ కింద గేర్లు. ఎన్ని పాత డబ్బాలను విప్పి, ఎన్నేళ్ళు దాచితే ఆ తట్ట నిండిందో నాకు తెలియదు. అందులో ఒక్కొక్కటీ ఎక్కడో ఒక పాత బండికి చివరి అవకాశం. ఆయన నన్ను నిందించలేదు. ఇంకో టీ చెప్పాడు. ఆయన పేరు ఇక్కడ రాయవద్దని మాత్రం అడిగాడు: “నీ తప్పుల నా పేరెందుకు?” ఆ మాట న్యాయమైనది కాబట్టి రాయడం లేదు.

కాబట్టి మిమ్మల్ని నేరుగా అడుగుతున్నాను. ఈ పేజీ పక్కన పెట్టి ఫోన్ తీయండి. పాత జీపుల గురించి, రాయచూరు మిస్త్రీ మోసం గురించి, ఒక అమ్మాయి గొంతు మీకు చేరి ఉంటే వెతకండి. అది నా గొంతు, అది అబద్ధం. దాన్ని మీరు ఎవరెవరికి పంపారో వాళ్ళకు, ఒక్కరినీ వదలకుండా, ఈ రోజే ఈ మాట పంపండి: “ఆ మిస్త్రీ తప్పు చేయలేదు. రెండోసారి నూనె పోయకుండా బండి నడిపింది ఆ జీపువాళ్ళే.” మీ ఇంట్లో ఓవర్‌డ్రైవ్ ఉన్న పాత జీపు ఉంటే, దాని కర్రకు కట్టిన తాడు విప్పి, దసరా రాకముందే చిక్కసూగూరు దారి పట్టండి. ఆయన దేవసూగూరు దాకా వెళ్ళి రమ్మంటే, వెళ్ళి రండి.